తంజావూరు చూడటం ఎలా? తెలుగువాళ్ల కోసం మూడు రోజుల సమగ్ర మార్గదర్శి

మనవాళ్లలో చాలామంది తంజావూరును రెండు గంటల్లో చూసి వచ్చేస్తారు. రామేశ్వరం, మధుర వెళ్లే టూరు బస్సు మధ్యలో ఆగుతుంది. పెద్ద గుడి, అంటే బృహదీశ్వరాలయం, ముందు ఫొటో దిగుతారు, తలాడించే బొమ్మ ఒకటి కొంటారు, బస్సెక్కేస్తారు. నేనూ మొదటిసారి అలాగే వెళ్లాను. మధ్యాహ్నం ఒంటిగంటకు దిగేసరికి గర్భగుడి మూసేసి ఉంది, నల్లరాతి నేల మీద అరికాళ్లు కాలిపోయాయి. ఆ రోజు నేను తంజావూరు చూడలేదనే చెప్పాలి.

ఈ ఊరికి మూడు రోజులు ఇవ్వమని ఎందుకు అడుగుతున్నానంటే, ఇది మనకు పరాయి ఊరు కాదు. చోళుల తర్వాత 1532 నుంచి 1673 వరకు ఇక్కడ ఏలినవాళ్లు తెలుగు నాయకరాజులు. సేవప్ప నాయకుడు, అచ్యుతప్ప నాయకుడు, రఘునాథ నాయకుడు, విజయరాఘవ నాయకుడు. చివరి ఇద్దరూ స్వయంగా తెలుగు కవులు. చేమకూర వెంకటకవి, పసుపులేటి రంగాజమ్మ ఈ కొలువులోని వాళ్లే. క్షేత్రయ్య పదాలు పాడుకుంటూ వచ్చింది ఈ కొలువుకే. నాయకులు పోయిన కొద్దికాలానికే శివాజీ తమ్ముడు ఏకోజీ వంశం వచ్చి 1855 వరకు ఉంది. ఇంట్లో మరాఠీ మాట్లాడే ఆ రాజులు కూడా తెలుగులో యక్షగానాలు రాశారు, రాయించారు. అంటే కృష్ణా గోదావరుల నుంచి ఇంత దూరాన, కావేరి ఒడ్డున, మూడు వందల ఏళ్లు తెలుగు కొలువు భాషగా వెలిగింది. ఆ ఊళ్లో ఎక్కడ ఏం చూడాలో, ఏ వేళకు వెళ్లాలో వరసగా చెబుతాను.

ముందు నెల ఎంచుకోండి

డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా అన్నిటికంటే మంచి కాలం. అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాల వానలు గట్టిగా పడతాయి. వేసవిలో పగలు గుడి ప్రాంగణంలో నిలబడటమే కష్టం, పిల్లలతో అయితే అసలు వద్దు.

మూడు సందర్భాలు మాత్రం గుర్తుపెట్టుకోండి. పుష్య బహుళ పంచమికి, అంటే ఎక్కువగా జనవరిలో, తిరువైయారులో త్యాగరాజ ఆరాధన. మహాశివరాత్రి రోజుల్లో పెద్ద గుడిలో నాట్యాంజలి అనే నృత్యోత్సవం. నృసింహ జయంతికి దగ్గర్లోని మేలట్టూరులో తెలుగు భాగవత మేళా నాటకాలు. వీటిలో ఏదైనా చూడాలనుకుంటే రెండు నెలల ముందే గది మాట్లాడుకోవాలి.

కావేరిలో నీళ్లు చూడాలని ఉంటే ఇంకో లెక్క ఉంది. మేట్టూరు ఆనకట్ట గేట్లను ఆనవాయితీగా జూన్ 12న ఎత్తుతారు. ఆ నీళ్లు డెల్టాకు చేరాక పొలాలన్నీ పచ్చబడతాయి. ఎండాకాలంలో నది చాలాచోట్ల ఇసుకే.

చేరుకోవడం, ఉండటం

రైలే మేలు. మన ఊళ్ల నుంచి చెన్నై చేరి, ఎగ్మూరు స్టేషన్‌లో రాత్రి బయలుదేరే ఉళవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి తంజావూరులో దిగొచ్చు. ఒక జాగ్రత్త: మన రైళ్లు ఎక్కువగా చెన్నై సెంట్రల్‌కి వస్తాయి, ఎగ్మూరు వేరే స్టేషన్. మధ్యలో కనీసం మూడు గంటలు ఉంచుకుంటే టెన్షన్ ఉండదు. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది, పండగ రోజుల్లో అదే రోజు చేసుకోవాలి. విమానంలో వెళ్లేవాళ్లకు దగ్గరిది తిరుచ్చి. అక్కడి నుంచి రైల్లో, బస్సులో గంట, గంటన్నర ప్రయాణం.

గది రైల్వే స్టేషన్‌కూ పాత బస్టాండుకూ మధ్య తీసుకోండి. పెద్ద గుడి, కోట, తిరువైయారు బస్సు అన్నీ అక్కడికి దగ్గర. కొత్త బస్టాండు ఊరి బయట కొన్ని కిలోమీటర్ల దూరంలో ఉంది. తిరుచ్చి వైపు నుంచి బస్సులో వస్తే అక్కడే దింపుతారు, కంగారు పడకండి, ఊళ్లోకి సిటీ బస్సులు ఉంటాయి. ఆటోవాళ్లతో మాట్లాడటానికి రెండు తమిళ మాటలు చాలు. గుడికి 'పెరియ కోవిల్', రాజుగారి కోటకు 'అరణ్మనై'.

మొదటి రోజు: సాయంత్రం పెద్ద గుడి, ఏమీ చదవకుండా

మొదటి దర్శనం సాయంత్రమే చేయండి. గుడి మధ్యాహ్నం పన్నెండున్నర ప్రాంతంలో మూసి నాలుగింటికి తెరుస్తారు. నాలుగున్నరకల్లా వెళ్లండి. ప్రవేశానికి టికెట్ లేదు. చెప్పులు బయట వదిలేయాలి కాబట్టి ఒక జత మేజోళ్లు జేబులో పెట్టుకోండి, నేల ఇంకా వేడిగానే ఉంటుంది. చుడీదార్, చీర, ప్యాంటు, పంచె ఏదైనా ఫరవాలేదు, నిక్కర్లు వద్దు.

రెండు గోపురాలు దాటి లోపలికి వెళ్లాలి. రెండోది రాజరాజన్ వాకిలి. అక్కడ నిలువెత్తు ద్వారపాలకుల దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఒకచోట పాము ఏనుగును మింగుతూ ఉంటుంది. ఏనుగెంత, దాన్ని మింగే పామెంత, ఆ పామును లెక్కచేయని ద్వారపాలకుడెంత, ఆయన కాపలా కాసే స్వామి ఎంత అని మనసులో కొలుచుకుంటూ పొమ్మని శిల్పి పెట్టిన కొలబద్ద అది. అది చూశాక లోపలికి అడుగుపెడితే విమానం, అంటే గర్భగుడి మీది శిఖరం, ఎదురుగా లేస్తుంది. ఎత్తు దాదాపు 216 అడుగులు. మొత్తం గ్రానైటు రాయి. చుట్టుపక్కల రాతి కొండ ఒక్కటీ లేని పచ్చటి మాగాణి నేల మీద ఇంత రాతిని తెచ్చి, 1010 నాటికి రాజరాజ చోళుడు పూర్తి చేయించాడు.

ఆ సాయంత్రం ఏ వివరాలూ చదవొద్దు. స్వామి దర్శనం చేసుకుని, ప్రాంగణంలో పచ్చిక పక్కన కూర్చోండి. సూర్యుడు దిగేకొద్దీ రాయి తేనెరంగులోకి, తర్వాత బూడిదరంగులోకి మారుతుంది. ఊళ్లో జనం పిల్లల్ని తెచ్చుకుని కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు. వెయ్యేళ్లు దాటినా ఇది ఇంకా ఊరి గుడే. ప్రదోషం రోజైతే నందికి అభిషేకం ఉంటుంది, జనం బాగా ఎక్కువ. అభిషేకం చూడాలనుంటే ఆ రోజే వెళ్లండి, ప్రశాంతత కావాలంటే మానుకోండి.

విమానం నీడ నేలమీద పడదని మీకు ఎవరో ఒకరు చెబుతారు. పడుతుంది. పొద్దున, సాయంత్రం మీ కళ్లతోనే చూడొచ్చు. ఆ గుడి గొప్పతనానికి లేని మాట అవసరం లేదు.

రెండో రోజు పొద్దున: మళ్లీ అదే గుడి, ఈసారి గోడలు చదువుతూ

ఆరింటికి వెళ్లండి. ఏటవాలు ఎండలో శాసనాల అక్షరాలు తేలి కనిపిస్తాయి. మీకు తమిళ లిపి రాకపోయినా ఫరవాలేదు, అక్కడ రాసింది ఏమిటో తెలిస్తే చాలు. 'మనం ఇచ్చినవీ, మన అక్క ఇచ్చినవీ, మన ఆడవాళ్లు ఇచ్చినవీ, ఇంకెవరిచ్చినవైనా అన్నీ విమానం రాతిమీద చెక్కండి' అని రాజరాజు ఆజ్ఞ. శాసనంలో ఉన్న మాట 'అక్కన్'. మన అక్కే. ఆ అక్క పేరు కుందవై. రాజు తన దానాల పక్కనే అక్క దానాలు రాయించాడు. అంతటితో ఆగలేదు. గుడికి 400 మంది నాట్యకత్తెల్ని రప్పించి ఒక్కొక్కరికీ ఒక ఇల్లు, ఏడాదికి వంద కలాల (కలం అంటే ఆనాటి ధాన్యపు కొలత) వడ్లు వచ్చే వాటా ఇచ్చాడు. వాళ్ల పేర్లు, ఏ గుడి నుంచి వచ్చారో, ఏ వీధిలో ఎన్నో ఇల్లో అన్నీ చెక్కించాడు. నట్టువాంగం చేసేవాళ్లు, దర్జీలు, కంచరులు, లెక్కలు రాసేవాళ్లు కూడా ఆ జాబితాల్లో ఉన్నారు. పనివాళ్ల పేర్లను ఇంత శ్రద్ధగా దాచిన రాజుగారి గోడ నేను ఇంకోటి చూడలేదు.

మన సంగతి ఇంకొకటి. మేనత్త పేరే పెట్టుకున్న రాజరాజు కూతురు, ఇంకో కుందవై, వేంగి చాళుక్య రాజు విమలాదిత్యుడి భార్య. వాళ్ల కొడుకు రాజరాజ నరేంద్రుడు. రాజమహేంద్రవరంలో నన్నయ చేత భారతం తెలిగించినవాడు. అంటే ఈ గుడి కట్టినాయన, మన ఆదికవిని పోషించిన రాజుకు తాతగారు. పేరు కూడా ఆయనదే. గోడ దగ్గర నిలబడి పిల్లలకు ఈ వరస చెప్పండి, బాగా గుర్తుంటుంది.

తర్వాత ఈ వరసలో తిరగండి. ముందు నంది. ఇది చోళుల నాటిది కాదు, నాయకుల కాలంలో వచ్చింది. తర్వాత వాయవ్యంలో ఉన్న సుబ్రహ్మణ్యస్వామి గుడి. ఇదీ నాయకుల పనే. పక్కనున్న విమానం బరువుతో మనల్ని ఆపితే, ఈ చిన్న గుడి నగిషీతో ఆపుతుంది. రాతిని వెండి పనివాడు చెక్కినట్టు చెక్కారు. చాలామంది చూడకుండానే వెళ్లిపోయేది ఇదే, కనీసం పావుగంట ఇవ్వండి. ప్రాకారం నైరుతి మూలకు వెళితే గోడ మీద దేవనాగరి లిపిలో పెద్ద మరాఠీ శాసనం. 1803లో మరాఠా రాజు రెండో శరభోజి తన భోంస్లే వంశ చరిత్రను చెక్కించాడు. ఒకే ప్రాంగణంలో మూడు వంశాలూ తమ చేతిరాత వదిలి వెళ్లాయి.

గర్భగుడి చుట్టూ ఉన్న చీకటి నడవలో చోళుల కాలపు వర్ణచిత్రాలు ఉన్నాయి. నాయకుల కాలంలో వాటి మీద కొత్త పూత వేసి కొత్త బొమ్మలు గీశారు. 1931లో పైపూత రాలిన చోట కింద ఉన్న చోళ చిత్రాలు బయటపడ్డాయి. అక్కడికి మామూలు సందర్శకుల్ని వెళ్లనివ్వరు, బతిమాలి ప్రయోజనం లేదు. ప్రాకార మండపంలో పురావస్తు శాఖవాళ్ల చిన్న ప్రదర్శన గది ఉంది, అందులో వాటి ఫొటోలు చూడండి.

రెండో రోజు పదింటి నుంచి: కోట

గుడి నుంచి కోట ఆటోలో పది నిమిషాలు. నాయకులు మొదలుపెట్టారు, మరాఠాలు పెంచారు. బయటి నుంచి చూస్తే కొంత పాడుబడినట్టు ఉంటుంది, అది చూసి వెనక్కి తిరగకండి. లోపల ఒక్కో భాగానికి విడిగా టికెట్ ఉంటుంది, చిల్లర దగ్గర పెట్టుకోండి. టైము తక్కువైతే దర్బారు హాలు, గంట గోపురం చుట్టి వచ్చేయండి. మీ అసలు సమయం రెండుచోట్ల పెట్టాలి.

ఒకటి, కంచు విగ్రహాల శాల. చుట్టూ వందల విగ్రహాలు ఉంటాయి. అన్నీ చూడాలని చూస్తే ఏదీ గుర్తుండదు. తిరువెంకాడు నుంచి వచ్చిన వృషభవాహన శివుణ్ణి వెతికి పట్టుకోండి. 1011 నాటిది. జటలను పాముల్లా చుట్టి తలపాగాలా కట్టుకుని, ఒక కాలు వయ్యారంగా మడిచి, కుడిచెయ్యి గాలిలో ఆనించి నిలబడి ఉంటాడు. ఆ చేతి కింద ఉండాల్సిన ఎద్దు లేదు. కానీ కాసేపు చూస్తే ఆ చెయ్యి బరువును బట్టి ఎద్దు మూపురం ఎక్కడుండాలో మీకే తెలుస్తుంది. పక్కన పార్వతి. చుట్టూ తిరిగి వెనక వైపు కూడా చూడండి. ముందు మైనంతో బొమ్మ చేసి, దానిపై కావేరి వండ్రుమట్టి పూసి, కాల్చి మైనం కరిగించి, ఆ ఖాళీలో లోహం పోస్తారు. అచ్చు పగలగొట్టాలి కాబట్టి ప్రతి బొమ్మా ఒక్కటే. ఈ పని ఇప్పటికీ కుంభకోణం దగ్గర స్వామిమలైలో జరుగుతోంది.

రెండోది, సరస్వతీ మహల్ గ్రంథాలయం. నాయకుల కాలంలో పుట్టింది, రెండో శరభోజి చేతిలో పెరిగింది. వైద్యం, సంగీతం, భూగోళం అన్నిటి మీదా ఆసక్తి ఉన్న రాజాయన, సొంత అచ్చుయంత్రం కూడా పెట్టించాడు. తాటాకు, కాగితపు ప్రతులు కలిపి నలభై వేలకు పైగా ఉన్నాయి. వాటిలో తెలుగు ప్రతులు వందల్లో. మామూలు సందర్శకులకు ప్రదర్శనశాల మాత్రమే చూపిస్తారు. ప్రతులు చూడాలంటే పరిశోధకుడిగా ముందే అనుమతి రాసుకోవాలి. లోపల ఫొటోలు తీయకూడదు. గ్రంథాలయానికి వారంలో సెలవు రోజు ఉంటుంది, బయలుదేరే ముందు ఫోన్ చేసి కనుక్కోండి.

ఇక్కడ తప్పక చేయాల్సిన పని ఒకటుంది. పుస్తకాల అమ్మకం కౌంటరు దగ్గరికి వెళ్లి తెలుగు ప్రచురణల జాబితా అడగండి. తమ దగ్గరున్న ప్రతుల్ని వాళ్లే అచ్చు వేసి అమ్ముతారు. మన ఊళ్లలో పుస్తకాల షాపుల్లో దొరకనివి అక్కడ బీరువాలో కూర్చుని ఉంటాయి, అడిగేవాళ్లు లేక.

సాయంత్రం ఓపికుంటే శివగంగ తోటలో ష్వార్ట్జ్ చర్చికి వెళ్లండి. 1779లో కట్టింది. లోపల పాలరాతి ఫలకంపై, మరణశయ్య మీదున్న ష్వార్ట్జ్ పాదిరీని పలకరించడానికి వచ్చిన శరభోజి కనిపిస్తాడు. తన గురువు కోసం రాజు ఇంగ్లండులో చెక్కించి తెప్పించుకున్న ఫలకం అది. కోట తూర్పు వాకిలి వైపు గుట్ట మీద నాయకుల నాటి ఇనుప ఫిరంగి కూడా ఉంది, పాతిక అడుగుల పొడవు.

తిండి

పొద్దున ఇడ్లీతో 'కడప్ప' అడగండి. ఊరి పేరు కాదు, బంగాళదుంప, పెసరపప్పు, కొబ్బరి వేసి చేసే పలచటి కూర. ఈ జిల్లాలోనే ఎక్కువ దొరుకుతుంది, అదీ అన్ని హోటళ్లలో ఉండదు. మధ్యాహ్నం అరిటాకు భోజనం. కారం మనకంటే తక్కువ, పచ్చళ్లు లేకుండా ముద్ద దిగనివాళ్లు చిన్న సీసా వెంట తెచ్చుకోవచ్చు. సాంబారు ఈ కోటలోనే పుట్టిందని ఇక్కడివాళ్లు చెప్పే కథ వినండి, అది కథగానే బాగుంటుంది.

మూడో రోజు: తిరువైయారు

తెలుగువాళ్లకు ఈ ప్రయాణంలో అసలు రోజు ఇదే అంటాను. పాత బస్టాండు నుంచి తిరువైయారు బస్సు ఎక్కండి, అరగంట దారి. కిటికీ పక్కన కూర్చుని నదులు లెక్కపెట్టండి: వడవారు, వెన్నారు, వెట్టారు, కుడమురుట్టి, చివరికి కావేరి. అయిదు. 'ఐయారు' అంటే అయిదు నదులు. సంస్కృతంలో పంచనదం.

త్యాగరాజస్వామి (1767-1847) సమాధి కావేరి ఒడ్డునే ఉంది. పొద్దున ఎనిమిది లోపు వెళితే దాదాపు ఎవరూ ఉండరు. మీకు పాడటం వస్తే పాడండి, ఎవరూ ఏమీ అనరు. రాకపోతే ఫోన్లో చిన్నగా ఒక కీర్తన పెట్టుకుని కళ్లు మూసుకుని కూర్చోండి. చుట్టూ తమిళం మాట్లాడే ఊళ్లో, గోడల మీద, పాడేవాళ్ల నోళ్లలో మన తెలుగు. ఆరాధన రోజున వందలమంది కలిసి పంచరత్నాలు పాడేటప్పుడు వాళ్లలో చాలామందికి తెలుగు మాతృభాష కాదు. ఒక్కో మాట అర్థం కనుక్కుని నేర్చుకున్నవాళ్లు. అది తలుచుకుంటే నాకు ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది.

వెళ్లే ముందు ఎదురుగా ఉన్న బెంగళూరు నాగరత్నమ్మ విగ్రహానికి దండం పెట్టండి. 1920లలో శిథిలంగా ఉన్న ఈ సమాధి చోటు కొని, తన సొంత డబ్బుతో గుడి కట్టించింది ఆవిడే. దేవదాసి కులంలో పుట్టిన మనిషి. అప్పట్లో ఆరాధనలో ఆడవాళ్లను పాడనివ్వలేదు, తాను కట్టించిన గుడిలోనే తనకు పాట లేదు. ఆడవాళ్లందరినీ కూడగట్టి వేరుగా పాడించి, చివరికి ఆ అడ్డు తొలగేదాకా ఊరుకోలేదు. 1952లో పోయాక ఆవిడ సమాధి కూడా స్వామికి ఎదురుగానే కట్టారు.

త్యాగరాజస్వామి ఇల్లున్న చోటు తిరుమంజన వీధిలో స్మారకంగా ఉంది, నడిచి వెళ్లొచ్చు. దారిలో పెసరపప్పుతో చేసే అశోకా హల్వా వేడిగా తినండి. నెయ్యి చేతికి కారుతుంది.

తిరిగొచ్చాక మధ్యాహ్నం మిగిలితే కుంభకోణం పక్కన దారాసురం. పన్నెండో శతాబ్దపు గుడి, పెద్ద గుడి కంటే చాలా చిన్నది, శిల్పం మాత్రం వేళ్లతో తడమాలనిపించేంత సన్నం. తడమకండి. రాజరాజు కొడుకు రాజేంద్రుడు కట్టిన గంగైకొండ చోళపురం డెబ్భై కిలోమీటర్లు, దానికి ఇంకో రోజు కావాలి.

కొనేవి

తంజావూరు బొమ్మ, అంటే బంగారు రేకు అద్దిన పటం, తొందరపడి కొనొద్దు. ఒకసారి నేను ఒక షాపులో తక్కువకు వస్తోందని బాలకృష్ణుణ్ణి తీసుకున్నాను. రెండేళ్లకు 'బంగారం' నల్లబడింది. ఇప్పుడు మూడు ప్రశ్నలు అడుగుతాను. రేకు ఎన్ని క్యారట్లు? వెనక చెక్క ఏది? ఈ రెండూ బిల్లు మీద రాసిస్తారా? మూడో దానికి తటపటాయిస్తే బయటికి వచ్చేస్తాను. ధర గురించి అనుభవం లేకపోతే ముందు ప్రభుత్వ హస్తకళల షాపు పూంపుహార్‌లో చూసి అంచనా తెచ్చుకోండి. కుదిరితే పటం తయారయ్యే ఇంటికే వెళ్లండి. సుద్దపొడి, జిగురు కలిపిన ముద్దతో నగలు ఉబ్బెత్తుగా పోసి, దానిపై రేకు అద్దడం చూశాక, పని ఎన్ని రోజులదో తెలిశాక బేరం ఆడబుద్ధి కాదు.

వీణ కొనేవాళ్లకు ఒక్క మాట. బొబ్బిలి వీణలాగే ఇదీ పనస చెక్కే. ఒకే దుంగలో తొలిచిన ఏకాండ వీణా, అతుకుల వీణా ధరలో చాలా తేడా. వాయించడం తెలిసినవాళ్లను వెంట తీసుకెళ్లండి.

బొమ్మల కొలువుకైతే తలాడించే బొమ్మ కాకుండా రాజారాణి జంట కూడా అడగండి. అడుగు గుండ్రంగా, బరువుగా ఉంటుంది, ఎటు పడేసినా లేచి నిలబడుతుంది. కొండపల్లి బొమ్మల పక్కన కొలువు మెట్టు మీద చక్కగా కుదురుతుంది. పైన తల, మొండెం విడి ముక్కలుగా వచ్చే నాట్యకత్తె బొమ్మను మాత్రం ముక్కలు విడదీసి, ఒక్కోదాన్ని వేరుగా కాగితంలో చుట్టించి, బట్టల మధ్య పెట్టుకోండి. అలా తెచ్చుకున్నవేవీ నాకు ఇంతవరకు పగల్లేదు.